తుమ్మని డ్రైవరు

వానలు వెనకబట్టి చలిగాలి మొదలైతే చాలు, మా వీధిలో సగం మందికి ముక్కులు కారుతాయి, మిగతా సగం మంది వైద్యులవుతారు. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చమని ఒకరు, తులసి రసం పిండుకొమ్మని ఒకరు, నల్ల జీలకర్ర మూటకట్టి వాసన చూడమని ఇంకొకరు. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి కాబట్టి మందు చెప్పడానికి రోగి ఎదురుగా ఉండవలసిన అవసరం కూడా లేదు. నా ఉద్యోగమంతా సర్కారు బస్సులో కండక్టరుగా గడిచింది. ఈ మందులన్నీ నాకు పాతవే. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా వీటన్నిటినీ ఒకే ముక్కు మీద ప్రయోగించగా దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ ముక్కు మా డ్రైవరుది.

కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను అడుగుతుంటారు, సర్వీసులో అన్నిటికంటే కష్టమైన రోజు ఏదని. బ్రేకులు ఫెయిలైన రోజో, వాగులో బండి ఇరుక్కున్న రోజో చెబుతానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి. కాని నాకు చెమటలు పట్టించిన రోజు మాత్రం మా డ్రైవరు ఒక్కసారి కూడా తుమ్మని రోజు. నవ్వితే నవ్వండి, మొత్తం విన్నాక కూడా నవ్వు మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఎనభైలు మొదలైన కాలం. పొద్దున్నే కరీంనగర్‌లో బయలుదేరి, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా నిర్మల్ చేరి, అక్కడి నుంచి కొండల మీది ఘాటు రోడ్డెక్కి ఆదిలాబాద్ చేరే బండి మాది. డ్రైవరు నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. సిరిసిల్ల వైపు నేత కుటుంబం. తండ్రి మగ్గం మీదే దగ్గి దగ్గి పోయాడు. ఆ దూది దుమ్ములోంచి బయటపడాలని ఇతను లారీ క్లీనరయ్యాడు, స్టీరింగు నేర్చుకున్నాడు, నానా తిప్పలు పడి సర్కారు కొలువు సంపాదించాడు. తమ్ముళ్ళు పవర్‌లూముల మీద వారం కూలికి పనిచేస్తుంటే ఇంట్లో ఇతనొక్కడే నెల జీతం మనిషి. బండి ఎంత నున్నగా నడిపేవాడంటే, నిలబడి టికెట్లు కొడుతున్న నా చేతిలో చిల్లర కదిలేది కాదు. చేతిలో ఏ లోపమూ లేదు. లోపమంతా ముక్కులో ఉండేది.

దసరా దాటితే ఇతనికి తుమ్ములు పట్టుకునేవి. రోడ్డు పక్కన వయ్యారిభామ తెల్లగా పూసేది, జిన్నింగు మిల్లులకు పత్తి బండ్లు వరస కట్టేవి. రెంటిలో దేనివల్ల వచ్చేదో మాకు తెలియదు. తుమ్ము ఎప్పుడు వస్తుందో మాత్రం తెలుసు. బండి స్టార్టు చేసి, ఇంజను వేడెక్కి, నేను రైట్ అని గంట కొట్టబోయే సరికి వచ్చేది. దారి పొడుగునా ఎన్ని తుమ్మినా ఎవరికీ పట్టింపు లేదు. బండి కదలబోయేటప్పుడు మాత్రం తుమ్మకూడదు, సరిగ్గా అప్పుడే తుమ్మేవాడు.

బయలుదేరే ముందు తుమ్ము వినిపిస్తే మనవాళ్ళేం చేస్తారో తెలిసిందే. ఒక్క తుమ్మయితే ఆగాలి, కాసేపు కూర్చోవాలి, నీళ్ళు తాగి మళ్ళీ కదలాలి. వెంటనే రెండోది వస్తే దోషం పోయి శుభమవుతుంది. పద్ధతి ఇంత సులువుగా ఉన్నా మా డ్రైవరు ముక్కుకు ఎక్కలేదు. ఒక్కటి తుమ్మి ఊరుకునేది. ఇక బండిలో కోర్టు వాయిదాకు పోయేవాళ్ళు, పిల్లను చూడటానికి పోయేవాళ్ళు, దవాఖానకు పోయేవాళ్ళు అందరూ ఒక్కసారిగా లేచి నిలబడేవాళ్ళు. కొందరు కుళాయి దగ్గరికి పోయి నీళ్ళు తాగి వచ్చేవాళ్ళు, కొందరు మూటలతో సహా దిగి వెనక బండికి పోయేవాళ్ళు. భూమి రిజిస్ట్రేషన్‌కు పోతున్న ఒకాయన అలాగే దిగి వెనక బండి ఎక్కాడు. ఆ బండి టైరు పేలి నడిదారిలో ఆగిపోయింది. మర్నాడు వచ్చి మా డ్రైవరునే తిట్టాడు. నువ్వు తుమ్మబట్టే కదా నేను ఆ బండి ఎక్కవలసి వచ్చింది అన్నాడు. 

ఫిర్యాదులు డిపో మేనేజరు దాకా పోయాయి. ఆయన చదువుకున్నవాడు, ఇవన్నీ నమ్మనని పదిమందిలో చెప్పుకునేవాడు. కాని తన జీపు కదిలేటప్పుడు చుట్టుపక్కల ఎవరూ తుమ్మకుండా కాపలా కాయడం అటెండరు పనుల్లో ఒకటి. బండి వేళకు కదలకపోవడానికి కారణం తెలపవలసిందిగా మా డ్రైవరుకు మెమో ఇచ్చాడు. కారణం తుమ్ము అని ఇతను రాసి ఇస్తే, ఉద్యోగి తన తుమ్మును అదుపులో పెట్టుకోవలసిన బాధ్యత ఉద్యోగిదేనని తిరుగు మెమో వచ్చింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే స్టీరింగు మీంచి దించి గ్యారేజీలో వేస్తానని పిలిచి చెప్పాడు. గ్యారేజీ అంటే టైర్లకు గాలి పట్టడం, బండ్లు కడగడం. మగ్గం దుమ్ము తప్పించుకుని స్టీరింగు దాకా వచ్చిన మనిషికి అది చెంపదెబ్బ లాంటిది. ఆ రాత్రి అన్నం ముట్టలేదని వాళ్ళావిడ నాతో చెప్పి బాధపడింది.

ఈ సంగతి దారి పొడుగునా పాకింది. దాంతో మా బండి వైద్యశాల అయింది. జగిత్యాలలో ఒక బెల్లం వ్యాపారి మిరియాలు దంచి బెల్లంలో కలిపి ఉండలు చేసి ఇచ్చాడు. అవి తింటే తుమ్ములకు తోడు ఎక్కిళ్ళు వచ్చాయి. మెట్‌పల్లిలో ఒకామె ఉల్లిగడ్డ కోసి జేబులో పెట్టుకొమ్మంది. దాంతో తుమ్ములు తగ్గలేదు కాని ముందు సీట్లు ఖాళీ అయ్యాయి. ఆదిలాబాద్‌లో మరాఠీ మాట్లాడే ముసలమ్మ ఒకరు వాము వేయించి గుడ్డలో కట్టి, వాళ్ళ మాటలో ఓవా, ఓవా అంటూ ముక్కు దగ్గర పెట్టింది. వాసన బాగుంది, కాసేపు హాయిగా ఉందన్నాడు. భైంసా పత్తి వ్యాపారి ఒకాయన మాత్రం ఆవనూనె రెండు ముక్కుల్లోనూ పోసి పడుకోబెట్టాడు. ఆనాడు బస్టాండులో అతను తుమ్మిన తుమ్ముకు పక్క బండి జనం కూడా దిగిపోయారు.

వీటిల్లో కాస్త పనిచేసింది ఒక్కటే. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు వేసి ముక్కు కడుక్కోమని ఒక బడి పంతులు నేర్పించాడు. పొద్దున్నే అలా కడుక్కుని, తడి రుమాలు మూతికి కట్టుకుంటే తుమ్ములు సగానికి తగ్గేవి. అయితే ఉప్పూ నీళ్ళూ మందంటే ఎవరు ఒప్పుకుంటారు? అడవిలోంచి తెచ్చి ఉండాలి, దంచి ఉండాలి, దాని పేరు ఎవరికీ చెప్పకూడదు. అప్పుడే అది మందు. పైగా రుమాలు కట్టుకున్న డ్రైవరును చూసి దొంగల బండెక్కినట్టుందని ఒకాయన ఫిర్యాదు చేశాడు. యూనిఫారంలో రుమాలు లేదని మేనేజరు దాన్నీ విప్పించాడు. పనిచేసే ఒక్క వైద్యమూ అలా పోయింది.

అప్పుడు రంగంలోకి దిగాడు పటేలు. జగిత్యాల అవతల ఊళ్ళో భూమీ, నాలుగు మాటలు చెల్లుబాటు అయ్యే పలుకుబడీ ఉన్న ఆసామి. నడుం నొప్పికీ కామెర్లకీ పిల్లలు కలగకపోవడానికీ అన్నిటికీ మందు ఇచ్చేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. పైసా తీసుకోని వైద్యుణ్ణి ఎవరూ తిట్టలేరు, అదే ఆయన బలం. రోగం తగ్గితే మందు గొప్పది, తగ్గకపోతే రోగి పథ్యం తప్పాడు. ఆయన మేనల్లుడి లగ్గం ఆదిలాబాద్‌లో కుదిరింది. పెద్దవాళ్ళు కొందరు జీపులో ముందురోజే పోతారు, మిగతా పెండ్లివారితో తాను మా బండిలో రావాలనుకున్నాడు. అంతమంది ఎక్కాక బండి కదిలేటప్పుడు డ్రైవరు తుమ్మితే ఏమిటి గతి అని ఆయనకు బెంగ పట్టుకుంది. అందుకని లగ్గానికి ముందే ఒక పొట్లం తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టాడు.

అందులో ఎండుటాకు నలిపి చుట్టిన బీడీలున్నాయి. డ్యూటీ ఎక్కే ముందు ఒకటి, మధ్యలో అవసరమైతే ఇంకొకటి కాల్చమన్నాడు. ఏం ఆకు అని నేను అడిగాను. తాతల నాటి మందు, పేరు చెబితే గుణం పోతుందన్నాడు. ఏమైనా ఇబ్బంది ఉంటుందా అని అడిగితే నవ్వాడు.

"ఇది డాక్టర్ గోలి గాదు కండక్టర్ సాబ్, చెట్టు మందు. చెట్టు ఎవ్వలకన్న ఖరాబ్ చేస్తదా? బేఫికర్‌గ ఉండుండ్లి."

డ్రైవరు దాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి మేమిద్దరం దేనికైనా సిద్ధంగా ఉన్నాం.

లగ్గం రోజు వచ్చింది. కరీంనగర్ బస్టాండులో ఒక బీడీ కాల్చి వచ్చి, బండి స్టార్టు చేసి అతను ముక్కు పట్టుకుని కూర్చున్నాడు. బండి మొత్తం ఊపిరి బిగబట్టింది. నేను గంట కొట్టాను. తుమ్ము రాలేదు. ఆ సీజన్లో మా బండి వేళకు కదలడం అదే మొదలు. వెనక సీట్లో ఎవరో చప్పట్లు కొట్టారు. జగిత్యాలలో పెండ్లివారు పట్టుచీరలతో, గంపలతో ఎక్కారు. పటేలు ముందు సీట్లో కూర్చుని, తుమ్మిండా అని నన్నడిగాడు. లేదన్నాను. ఆయన మీసం సవరించుకుని వెనక్కి తిరిగి తన వాళ్ళందరికీ మందు కథ చెప్పడం మొదలుపెట్టాడు. డ్రైవరు అద్దంలో చూసి నవ్వాడు. అంత నిండుగా అతను నవ్వడం దసరా తర్వాత నేను చూడలేదు.

మెట్‌పల్లి దాటాక నీళ్ళు కావాలన్నాడు. ఇచ్చాను. మళ్ళీ అడిగాడు. నాలుక పిడచకట్టుకుపోతుందన్నాడు. మొహం ఎర్రగా కందింది. మందు వేడి చేస్తుంది, మజ్జిగ తాగితే సరి అని పటేలు తీర్పు చెప్పాడు. నిర్మల్‌లో దిగి ఇంకో బీడీ కాల్చాడు. మళ్ళీ ఎక్కేటప్పుడు మెట్టు కోసం కాలితో వెతుక్కున్నాడు. నిద్ర చాలలేదేమో అనుకున్నాను.

ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో, ఖాళీ రోడ్డు మీద హారను కొట్టి బండి ఆపాడు. కిటికీలోంచి చేయి బయటపెట్టి ఎవరినో పొమ్మని సైగ చేశాడు. ఏమిటన్నా అంటే, మేకలు పోనీ అన్నాడు. రోడ్డు మీద మేక కాదు కదా, కోడి కూడా లేదు. ముందు సీట్ల వాళ్ళు మెడలు చాచి చూశారు. మరి ఎవరికి ఏం కనిపించిందో, అందరూ మేకలు పోయేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. ఈ రోడ్డు మీద మందలు ఎక్కువయ్యాయని ఒకాయన విసుక్కున్నాడు కూడా. 

ఘాటు మొదలయ్యే ముందు ఒక చిన్న ఊరి దగ్గర ఒకామె దిగాలి. బండి ఆగగానే నేను డ్రైవరు పక్కకు పోయి మెల్లగా అడిగాను.

"అన్నా, రోడ్డు కనవడ్తుందా?"

"కనవడ్తుంది తమ్మీ. రెండున్నయ్. ఎడమ దాన్ల పోతున్న."

ఆ కళ్ళలోకి చూశాను. నల్లగుడ్లు ఇంత పెద్దవై, చుట్టూ రంగే లేకుండా పోయింది. నన్ను చూసి, ఇద్దరూ ఒక్కసారి మాట్లాడకండి అన్నాడు. ముందు ఘాటు ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు మలుపుకూ ఎదురొచ్చే లారీలు. బండిలో పెండ్లివారు, చంటిపిల్లలు. ఎడమ పక్క ఉందని అతను అనుకుంటున్న రోడ్డు ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

ఒక్కటి మాత్రం నయం. నేను గంట రెండుసార్లు కొట్టందే అతను బండి కదిలించడు. కళ్ళు పోయినా ఆ అలవాటు పోలేదు. కాని గంట కొట్టకుండా ఎంతసేపని ఆపగలను? డ్రైవరు మత్తులో ఉన్నాడని బండిలో పైకి అంటే, ముందు తన్నులు, ఆ తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు, ఆపైన అతని కొలువు ఊడటం ఖాయం. గ్యారేజీ కూడా మిగలదు. చెప్పకుండా గంట కొడితే అందరం లోయలో ఉంటాం. పటేలు అప్పటికే గంట కొట్టమని తొందరపెడుతున్నాడు. మందిచ్చిన మనిషి, ఆయనకైనా అర్థమవుతుందని కిందికి వంగి చెవిలో చెప్పాను.

"పటేలా, మీ మందుతోని ఆయనకు కండ్లు మసకలు గమ్మినయ్. ఒకటి రెండుగ కనవడుతున్నదంట. ముంగట ఘాటున్నది."

"తుమ్మిండా?"

"తుమ్మలే."

"మరింకేంది? తలకెక్కుతెనే గదా ముక్కు ఆరేది. లగ్గం టైమైతుంది, నడువనీ."

సరిగ్గా ఇవే మాటలు. చదువు, భూమి, పెద్దరికం అన్నీ ఉన్న మనిషి నోటి నుంచి వచ్చాయి. కోపం నషాళానికి అంటింది. ఆ కోపంలోనే నాకు దారి కూడా దొరికింది. మూడో సీట్లో ఒక ముసలమ్మ నశ్యం డబ్బీ తీసి పీలుస్తోంది. అవ్వా, ఒక్క చిటికెడు అని అడిగి, ముక్కులో దట్టించి, గంట తాడు పట్టుకుని, బండి అదిరేలా తుమ్మాను.

ఆ గోల మీరు వినాల్సింది. గాజులు గలగలమన్నాయి, గంపలు లేచాయి. అందరికంటే ముందు దిగింది పటేలు. రెండు రోడ్లు కనిపిస్తున్న డ్రైవరు వెనక కదలకుండా కూర్చున్న మనిషి, నా ఒక్క తుమ్ముకు చెప్పులు కూడా వేసుకోకుండా దూకాడు. అందరూ కూర్చోండి, నీళ్ళు తాగండి అని ఆజ్ఞలిచ్చాడు. వెనకాల నిజామాబాద్ నుంచి ఆదిలాబాద్ పోయే బండి ఒకటి రావాలి. అది వచ్చేదాకా వీళ్ళను నేల మీద ఉంచితే చాలు.

నీళ్ళు తాగడం ఎంతసేపు? మళ్ళీ ఎక్కబోయారు. నేను మళ్ళీ నశ్యం పీల్చాను. ఈసారి ముక్కు నా మాట వినలేదు, వెంటవెంటనే రెండు వచ్చాయి. పటేలు మొహం వెలిగిపోయింది, జంట తుమ్ము, శుభం, ఎక్కండి అన్నాడు.  సగం మంది ఎక్కేశారు. దేవుడి దయవల్ల, ఎవరూ పిలవకుండానే మూడోది వచ్చింది.

ఇక అక్కడ శాస్త్రచర్చ మొదలైంది. మూడు తుమ్ములంటే జంటా ఒంటీనా, లేక జంటకు తోకా? మొదటి తుమ్ముతో కలిపి లెక్కిస్తే నాలుగు కాబట్టి సరిసంఖ్యే, దోషం లేదని పటేలు వాదించాడు. మధ్యలో నీళ్ళు తాగాం కాబట్టి మొదటిది ఖాతాలోంచి పోయిందని పెండ్లికొడుకు చిన్నాయన అన్నాడు. కండక్టరు తుమ్ము లెక్కలోకి రాదు, బండి నడిపేవాడిదే లెక్క అని ఇంకొకాయన. పెండ్లివారితో వస్తున్న పురోహితుణ్ణి అడిగితే పంచాంగం చూడాలన్నాడు. పంచాంగం ముందురోజు జీపులో ఆదిలాబాద్ పోయింది. ఇంత గొడవ జరుగుతుంటే మా డ్రైవరు మాత్రం స్టీరింగు పట్టుకుని, బుద్ధిగా నా గంట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

చివరికి నిజామాబాద్ బండి వచ్చింది. చేయెత్తి ఆపాను. పెండ్లివారూ మిగతా జనమూ ఎగబడి ఎక్కారు, కొందరు టాపు మీదికి కూడా ఎక్కారు. ఆ డ్రైవరు పొద్దున్న తుమ్మాడో లేదో ఒక్కరు అడగలేదు. పటేలు ఎక్కుతూ నా వైపు కసిగా చూశాడు. డ్రైవరు వైపు మాత్రం చూడలేదు.

అతన్ని మెల్లగా కిందికి దించి నీడలో కూర్చోబెట్టాను. ఎదురుగా ఎవరూ లేరు, అయినా చచ్చిపోయిన తండ్రితో మాట్లాడుతున్నాడు. బాపూ, పోగు తెగింది చూడు, నేను అతుకుతాలే, నువ్వు దగ్గకు అంటున్నాడు. గాలిలో దారం పట్టుకుని ముడి వేస్తున్నాడు. అప్పటిదాకా పటేలు మీద ఉన్న కోపమంతా ఏడుపై పొంగుకొచ్చింది. బండి చూస్తుండమని ఊరివాళ్ళకు చెప్పి, అటుగా పోతున్న లారీని బతిమాలి నిర్మల్ సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కళ్ళు చూడగానే ఏం కాల్చాడని అడిగాడు. జేబులో మిగిలిన బీడీ విప్పి చూసి, ఉమ్మెత్త అన్నాడు. ఇది ముక్కును ఆరబెడుతుంది, నోటినీ ఆరబెడుతుంది, బుర్రనూ ఆరబెడుతుంది, ఇంకొంచెం ఎక్కువైతే మనిషే మిగలడని తిట్టాడు. మర్నాటికి చూపు తిరిగి వచ్చింది. తుమ్ములు కూడా వచ్చాయి.

మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. జ్వరం వచ్చి కళ్ళు తిరిగాయని చెప్పాలి, మందు సంగతి ఎత్తకూడదు. రెండు రోజులకు మేనేజరు మమ్మల్ని పిలిచాడు. లోపల పటేలు కూర్చుని ఉన్నాడు. లగ్గం వేళకే చేరారట, అయినా ఫిర్యాదు తెచ్చాడు. నా మీదే. డ్రైవరు తన మందుతో పూర్తిగా నయమయ్యాడనీ, కండక్టరు మాత్రం కావాలని తుమ్మి శుభకార్యానికి అడ్డుపడ్డాడనీ. నన్ను మేనేజరు బాగా దులిపాడు. ఆ తర్వాత డ్రైవరు వైపు తిరిగి, నీ రోగం కుదిరింది కాబట్టి స్టీరింగు మీదే ఉండొచ్చు అన్నాడు. మాకింకేం కావాలి? తిట్లు నాకు, స్టీరింగు అతనికి. లోపల్లోపల సంతోషంగానే ఉన్నాను.

బయటికి రాబోతుంటే మేనేజరు బల్ల మీద ఉన్న పొట్లం తీసి, మా నాలుగేళ్ళ చిన్నదానికి కూడా ఇవే తుమ్ములు, కాల్పించకుండా పొగ పట్టిస్తే చాలు కదా అని పటేలును అడిగాడు. చాలు అన్నాడు పటేలు. డ్రైవరు గుమ్మంలో ఆగిపోయాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. కదల్లేదు.

"సార్, గా పొట్లం బిడ్డకియ్యకుండ్లి."

"ఎందుకు? నీకు మంచిగనే పనిచేసింది గదా."

"పనిచేసింది సార్. నిర్మల్ దాటినంక నాకు రోడ్డు రెండైంది. లేని మేకలకు బండాపిన. ఈయన తుమ్మి జనాన్ని దించకపోతె అందరం ఘాట్ల వడుతుంటిమి."

తాగి నడిపి నా మందు మీద పెడుతున్నాడని పటేలు లేచాడు. మేనేజరు ఆయన్ను కూర్చోమని, డ్రైవరును అడిగాడు.

"కండ్లు కనవడకపోతె మరి బండెందుకు నడిపినవ్?"

"తుమ్మిననాడల్ల తిట్టుకుంట దిగిండ్రు సార్. ఆనాడు కండ్లు లేకుండ నడిపితె ఒక్కలు దిగలే. అందరు షాబాష్ అన్నరు. నేనెందుకు ఆపుత?"

 మేనేజరు పొట్లాన్ని పెన్సిలుతో పటేలు వైపు నెట్టాడు. పటేలు దాన్ని పారేయలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మందుకు ఆ తర్వాత కూడా గిరాకీ తగ్గలేదని విన్నాను. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. డ్రైవరును గ్యారేజీకి మార్చారు. అందులో ఉమ్మెత్త మాట లేదు, అది రాస్తే పటేలు పేరు రాయాలి. తుమ్ముల వ్యాధి కారణంగా అని రాశారు.

ఆర్డరు చేతిలో పట్టుకుని ఇద్దరం డిపో గేటు దాకా నడిచాం. నాకు దుఃఖం ఆగలేదు. నోరు మూసుకుని ఉంటే స్టీరింగు ఉండేది కదా, ఎవరి పిల్లో కోసం ఎందుకు పోగొట్టుకున్నావని దులిపేశాను. అతను ముక్కు తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"కండ్లు కనవడ్తలేవని నాకు ఎరుకనే తమ్మీ. ఎరుకుండి గూడ నేను చెప్పలే. నాలుగేండ్ల పిల్ల, అదేం చెప్తది?"